మట్టిలో కుంచె ముంచిన మాస్టారు

*వేరుశనగ శాస్త్రవేత్తగా లోకం గుర్తుపెట్టుకున్న జార్జి వాషింగ్టన్ కార్వర్ మొదట చేతపట్టింది కుంచెనే. 46 ఏళ్లకు పైగా సైన్సు పాఠాలు చెబుతూనే, తాను నడిచిన నేలలోంచి రంగులు తీసిన చిత్రకారుడి కథ ఇది.*

అమెరికా పేటెంటు కార్యాలయం జార్జి వాషింగ్టన్ కార్వర్‌కు ఇచ్చిన పేటెంట్లు మూడే మూడు. 1925 జనవరిలో వచ్చిన మొదటిది ఒంటికి రాసుకునే క్రీముల గురించి. అదే ఏడాది జూన్‌లో వచ్చిన రెండోదీ, 1927లో వచ్చిన మూడోదీ రంగుల గురించి. నేలలో దొరికే బంకమట్టి నుంచి గోడలకూ చెక్కలకూ వేసుకునే రంగులు ఎలా తీయాలో ఆ రెండింటిలో ఉంది. వేరుశనగతో మూడొందల వస్తువులు చేసిన శాస్త్రవేత్త అని మన పిల్లలు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పడుతుంటారు. ఇది నా పని అని ఆయన ప్రభుత్వం దగ్గర రాయించుకున్న మూడింటిలో రెండు మాత్రం రంగులవే.

ఆయన రాసిన ఒక ఉత్తరం కూడా ఇక్కడే చెప్పాలి. 1896లో అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాసంస్థలో వ్యవసాయ విభాగాధిపతిగా చేరిన కొద్ది వారాలకే, నవంబరులో, అక్కడి ఆర్థిక సంఘానికి రాసిన ఉత్తరమది. మొక్కల నమూనాలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని అందులో మొరపెట్టుకున్నాడు. ఆ పక్కనే తన మనసులో మాట కూడా చెప్పేశాడు. ఇక్కడ ఎల్లకాలం ఉండే ఉద్దేశం తనకు లేదు. ఈ పనిని వేరొకరి చేతుల్లో నమ్మకంగా పెట్టగలిగిన రోజున వెళ్లి మళ్లీ కుంచె పట్టుకుంటాడు. అప్పటికి ఆయనకు ముప్పై దాటి ఒకటి రెండేళ్లు అయివుంటాయి.

ఆ రోజు రాలేదు. 1943 జనవరి 5న కన్నుమూసేదాకా ఆయన టస్కీగీలోనే ఉన్నాడు.

సైన్సు కోసం కళను వదులుకున్న త్యాగమూర్తి అని దీన్ని ముగించేయడం తేలిక. ఆయన జీవితాన్ని దగ్గరగా చదివితే ఆ మాట నిలవదు. కాన్వాసు చేజారింది నిజమే, చిత్రకారుడి చూపు మాత్రం ఆయన్ను ఎన్నడూ వదల్లేదు. మట్టిని చూసినా, ఆకు మీది బూజును చూసినా, పేదవాడి గుడిసె గోడను చూసినా ఆ కళ్లతోనే చూశాడు.

పొదల చాటు పూలతోట

మిస్సోరీ రాష్ట్రంలో డైమండ్ గ్రోవ్ అనే చిన్న పల్లె. దాని పక్కన మోజెస్ కార్వర్ అనే రైతు పొలంలో, సుమారు 1864లో పుట్టాడు జార్జి. తేదీ తెలియదు. బానిసకు పుట్టిన బిడ్డ పుట్టినరోజు రాసిపెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. తల్లి మేరీని మోజెస్ డబ్బిచ్చి కొనుక్కున్నాడు. అంతర్యుద్ధం రోజుల్లో ఒక దోపిడీ మూక ఆ పొలం మీద పడి తల్లినీ పసివాణ్నీ ఎత్తుకుపోయింది. పిల్లవాడు దొరికాడు. తల్లి ఏమైందో మళ్లీ తెలియలేదు. ఒక గుర్రాన్ని ఇచ్చి తనను తిరిగి తెచ్చుకున్నారని కార్వర్ పెద్దయ్యాక చెబుతుండేవాడు. బానిసత్వం రద్దయ్యాక అతణ్నీ, అన్న జిమ్‌నూ మోజెస్, సూసన్ దంపతులే సాకారు.

కోరింత దగ్గుతో పీక్కుపోయిన పిల్లవాడు కావడంతో పొలం పని తప్పింది. సూసన్ వెనకాలే తిరుగుతూ వంట, ఉతుకు, కుట్టుపని, అల్లికలు నేర్చుకున్నాడు. మిగిలిన పొద్దంతా అడవే. ఆ చుట్టుపక్కల పూల మీద సమయం వృథా చేయడాన్ని తెలివితక్కువ పనిగా చూసేవారట. అందుకని అడవిలో నచ్చిన మొక్కల్ని తవ్వి తెచ్చి, ఇంటికి కాస్త దూరంలో పొదల చాటున నాటుకుని, ఎవరి కంటా పడకుండా పెంచుకున్నాడు. ఈ సంగతి 1897లో ఆయన స్వయంగా రాసుకున్న చిన్న జీవితకథలో ఉంది. దాచిపెట్టిన తోట ఊరికి తెలిసిపోవడానికి ఎంతో కాలం పట్టలేదు. వాడిపోతున్న మొక్కల్ని ఇరుగుపొరుగు ఆ కుర్రవాడి దగ్గరికే తేవడం మొదలుపెట్టారు. మొక్కల డాక్టరని పేరు పడింది.

బొమ్మలు వేయాలన్న కోరికా అప్పటిదే. రంగులు కొనే స్తోమత లేదు. కాయల రసం, వేళ్లు, బెరడు, ఏది రంగు వదిలితే అది. చెక్క ముక్కో రేకు డబ్బానో దొరికితే దాని మీదే బొమ్మ. మొక్కను పెంచడం ఒక చదువు, మొక్కను గీయడం ఇంకో చదువు అని ఆ పిల్లవాడికి చెప్పేవాళ్లు లేరు. లేకపోవడమే మంచిదైంది.

నల్లపిల్లలకు బడి ఎనిమిది మైళ్ల అవతల నియోషోలో. పది పన్నెండేళ్ల వయసులో కాలినడకన బయల్దేరాడు. అక్కడ అతణ్ని ఇంట్లో పెట్టుకున్నది బట్టలుతికి, పురుళ్లు పోసి బతికే మరయా వాట్కిన్స్ అనే నల్లజాతి స్త్రీ. 'కార్వర్ వాళ్ల జార్జి'ని అని చెప్పుకోవద్దు, ఇకమీదట నువ్వు జార్జి కార్వర్‌వి అని ఆమె నేర్పింది. నేర్చుకున్నదంతా తిరిగి మనవాళ్లకు పంచిపెట్టమని కూడా ఆమే చెప్పిందట. తర్వాత కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరా తిరుగుతూ, బట్టలుతుకుతూ, వంటలు చేస్తూ హైస్కూలు దాటాడు. 1879లో ఫోర్ట్ స్కాట్‌లో తన కళ్లముందే ఒక నల్లజాతి మనిషిని గుంపు చంపడం చూసి ఆ ఊరు వదిలేశాడు. ఒక కాలేజీ ఉత్తరం ద్వారా సీటిచ్చి, మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాక ఒంటి రంగు చూసి తలుపు మూసేసింది.

చదువు మీద ఆశ పోయిన ఆ రోజుల్లో, 1886లో, కాన్సాస్ పశ్చిమాన నెస్ కౌంటీలో ప్రభుత్వ భూమి తీసుకుని, గడ్డిదుబ్బుల మట్టిపెళ్లలతో ఇల్లు కట్టుకున్నాడు. చెట్టు చేమ లేని మైదానం. చలికాలం మంచు తుపాన్లు, ఎండాకాలం వడగాలి. అలాంటి చోట కూడా పూలమొక్కలు పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఒక గురువు దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నది కూడా అక్కడే. క్లారా డంకన్ అనే నల్లజాతి ఉపాధ్యాయిని ఆ గురువు. ఆ మైదానాల్లో యక్కా అనే మొక్క సహజంగా పెరుగుతుంది. కత్తుల్లాంటి సన్నటి ఆకుల మధ్య నుంచి నిలువుగా కాడ లేచి, తెల్లటి గంటల్లాంటి పూలు వేలాడతాయి. ఈ మొక్క మళ్లీ వస్తుంది.

పది సెంట్లు, ఒక కాన్వాసు

1890లో అయోవా రాష్ట్రంలోని ఇండియనోలా ఊళ్లో సింప్సన్ కాలేజీ అతణ్ని చేర్చుకుంది. ఫీజు కట్టాక జేబులో మిగిలినవి పది సెంట్లు. అయిదు సెంట్లతో మొక్కజొన్న పిండి, అయిదు సెంట్లతో కొవ్వు కొనుక్కుని వారం గడిపానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి పొట్ట పోసుకున్నాడు. అక్కడ కోరి చేరింది సంగీతంలోనూ చిత్రలేఖనంలోనూ.

చిత్రలేఖనం ఉపాధ్యాయిని ఎట్టా బడ్ మొదట్లో సందేహించింది. అతని చేయి చూశాక ఆ సందేహం తీరి, దాని చోట ఇంకో బెంగ పట్టుకుంది. ఆ దేశంలో, ఆ కాలంలో ఒక నల్లజాతి యువకుడు బొమ్మలు వేసి ఎలా బతుకుతాడు? అతను గీసే పూలల్లో మొక్కల మీద ఎంత శ్రద్ధ ఉందో ఆమె గమనించింది. ఆమె తండ్రి ఏమ్స్‌లోని రాష్ట్ర వ్యవసాయ కళాశాలలో ఉద్యాన శాస్త్ర ఆచార్యుడు. వృక్షశాస్త్రం చదువుకో అని అక్కడికి పంపింది. అలా 1891లో కార్వర్ ఆ కాలేజీలో అడుగుపెట్టిన తొలి నల్లజాతి విద్యార్థి అయ్యాడు.

అదే 1891లో హెన్రీ ఒసావా టానర్ అనే మరో నల్లజాతి చిత్రకారుడు అమెరికాలో ఊపిరాడక యూరప్ ఓడ ఎక్కాడు. పారిస్‌లో స్థిరపడి పేరు తెచ్చుకున్నాడు. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎట్టా బడ్ సలహా వెనకున్న చేదు తెలుస్తుంది. ఆమె మంచి మనసుతోనే చెప్పింది. మూసి ఉన్న తలుపులు చూసి చెప్పింది. చిత్రకారుడిగా బతకాలంటే దేశం దాటాలి, దేశంలో ఉండాలంటే బతుకుతెరువు మార్చుకోవాలి. కార్వర్ రెండో దారి పట్టాడు. దాన్ని అతను మనస్ఫూర్తిగా ఎంచుకున్న దారి అనడానికి నాకు మనసొప్పదు. టస్కీగీ నుంచి రాసిన ఆ ఉత్తరం అందుకు సాక్ష్యం.

కుంచె మాత్రం వెంటే వచ్చింది. 1892 డిసెంబరులో సీడర్ రాపిడ్స్ పట్టణంలో అయోవా చిత్రకారుల ప్రదర్శన జరిగితే, స్నేహితులూ ఉపాధ్యాయులూ చందాలు వేసుకుని కొత్త సూటు కొనిచ్చి, రైలు టికెట్ చేతిలో పెట్టి పంపారు. వెంట తీసుకెళ్లిన చిత్రాల్లో ఒకటి యక్కా, కాక్టస్ మొక్కలది. అది 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకు ఎంపికై అక్కడ ప్రశంసా పురస్కారం అందుకుంది. మన వివేకానందుడు సర్వమత సభలో మాట్లాడింది కూడా ఆ ఏడాదే, ఆ ఊళ్లోనే. అయోవా పచ్చిక నేలలో చదువుకుంటున్నవాడు తన కాన్వాసు మీదికి పొడినేలల ముళ్లమొక్కల్ని తెచ్చుకున్నాడంటే, ఆ మట్టిపెళ్లల ఇంటి చుట్టూ చూసిన నేల కళ్లలో అలాగే ఉండిపోయిందని నేననుకుంటాను.

ఏమ్స్‌లో లూయీ పామెల్ అనే వృక్షశాస్త్రవేత్త శిష్యరికంలో శిలీంధ్రాల మీద పని చేశాడు. 1894లో పట్టా, 1896లో మాస్టర్స్. ఆకు మీది మచ్చ ఏ రంగులో ఉంది, అంచు ఎలా ఉంది, మధ్యలో పొడి ఉందా నునుపుగా ఉందా, ఇవన్నీ పట్టి చూడటమే తెగుళ్ల శాస్త్రంలో సగం పని. చిత్రకారుడికి అది కొత్తగా నేర్పక్కర్లేదు. తర్వాతి రోజుల్లో ఆయన సేకరించిన శిలీంధ్రాల్లో ఒకదానికి ఆయన పేరే పెట్టారు.

ఆకలిగొన్న నేల

టస్కీగీ విద్యాసంస్థను నడుపుతున్న బుకర్ టి. వాషింగ్టన్ పిలిచాడు. ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం, పైన ఖర్చులు. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాల పిల్లల కోసం 1881లో మొదలైన సంస్థ అది. రైలు దక్షిణాదికి దిగుతుంటే కార్వర్ కిటికీలోంచి చూసింది పత్తి, పత్తి, పత్తి. గుమ్మాల దాకా పత్తే. తరాల తరబడి ఒకే పంట వేసి పీల్చేసిన నేల. పై మట్టి కొట్టుకుపోయి గండ్లు పడ్డ ఎర్రటి గట్లు. అక్కడ నేల, పశువు, మనిషి అన్నీ ఆకలితో ఉన్నట్టు కనిపించాయని ఆయన తర్వాత గుర్తుచేసుకున్నాడు.

ప్రయోగశాల అంటే ఖాళీ గది. విద్యార్థుల్ని వెంటబెట్టుకుని చెత్తకుప్పల్లోంచి సీసాలు, జాడీలు, వైరు ముక్కలు ఏరుకొచ్చి పరికరాలు తయారుచేశాడు. ఇక ఎరువులు కొనలేని రైతుకు ఏం చెప్పాలి? రాలిన ఆకులు, చిత్తడి నేలల బురద పొలానికి తోలమన్నాడు. అలసందలు, వేరుశనగ, చిలగడదుంపలతో పంట మార్చమన్నాడు. అలసంద, వేరుశనగ లాంటి కాయధాన్యాల వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. పంట తీశాక ఆకు, వేరు నేలలో కలిస్తే మట్టి తేరుకుంటుంది. ఈ కథ చాలామందికి తెలుసు కాబట్టి ఇక్కడ ఆగను.

రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి అడవిలో నడిచేవాడు. తిరిగొచ్చేసరికి చేతిలో మొక్కలు, జేబుల్లో రాళ్లు, మట్టి. కోటుకు ఎప్పుడూ ఒక పువ్వు. అతను పుట్టిన నేల కాదిది. పుట్టిన నేల అతనికి తల్లిని కూడా మిగల్చలేదు. నడిచి నడిచి అలబామాలోని మేకన్ కౌంటీని తన ఊరు చేసుకున్నాడు. టస్కీగీ నుంచి రైతుల కోసం వెలువరించిన చిన్న పుస్తకాలు 40కి పైగా ఉన్నాయి. వాటి పేర్లు చూస్తే ఆయన మనసు అర్థమవుతుంది. ఎరువులు, పత్తి, ఊరగాయలు, నిల్వ పచ్చళ్ల మధ్యన 1909లో వచ్చిన ఒక పుస్తకం మేకన్ కౌంటీలో దొరికే అలంకార మొక్కల గురించి. మరుసటి ఏడాది ఒకటి పల్లె బడుల్లో ప్రకృతి పరిశీలన, తోటపని ఎలా నేర్పాలో టీచర్లకు చెప్పేది. తినడానికి లేనివాడికి పూలమొక్కలు ఎందుకని ఆనాడు అడిగినవాళ్లు ఉండే ఉంటారు. చిన్నప్పుడు పొదల చాటున తోట దాచుకున్నవాడు ఆ ప్రశ్నకు జవాబును అచ్చువేసి రైతుల చేతుల్లో పెట్టాడు.

పుస్తకం నంబరు 21

1911లో వచ్చిన 21వ నంబరు పుస్తకమే నా దృష్టిలో ఆయన గొప్ప చిత్రం. మేకన్ కౌంటీ మట్టితో గోడలకు వెల్ల, రంగులు వేసుకోవడం ఎలా అన్నది దాని విషయం.

అప్పటి నల్లజాతి కౌలురైతు ఇల్లు ఎలా ఉండేదో ఊహించాలి. చెక్కపలకల గుడిసె, వానకూ ఎండకూ మాసి బూడిద రంగు తేలినది. పత్తి అమ్మితే వచ్చే డబ్బు దుకాణదారు అప్పుకే చాలదు. డబ్బా రంగు కొనడమన్న ఆలోచనే రాదు. ఆ గుడిసె చుట్టూ మాత్రం నేల నిండా రంగులు. గట్లు తెగిన చోట ఎరుపు, వాగు ఒడ్డున పసుపు, తవ్వితే తెలుపు. ఇంట్లోని మనిషి రోజూ వాటి మీదే నడిచి పత్తి ఏరడానికి వెళ్తున్నాడు. సైన్సు మాస్టారు వాటిని రసాయనాలుగా చూశాడు. ఎరుపు ఇనుప ఆక్సైడు. పసుపు అంటే నీటిని పట్టి ఉంచుకున్న ఇనుప ఆక్సైడు. తెలుపు కేయొలిన్ రకం మట్టి. చిత్రకారుడు వాటినే వర్ణాలుగా చూశాడు. ఈ రెండు చూపులూ ఒకే మనిషివి కావడం వల్లే ఆ పుస్తకం పుట్టింది.

సంక్రాంతి ముందు గోడలకు సున్నం కొట్టి, కింద జేగురు పట్టీ తీర్చే మన పల్లె ఇల్లాలికి ఈ విద్య ఎవరూ చెప్పక్కర్లేదు. జేగురులో ఉన్నదీ ఆ ఇనుమే. అలబామాలో మాత్రం ఆ అలవాటు లేదు, ఉన్నా తెగిపోయింది. మట్టిని మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, ఇసుకను వేరుచేసి, గోడకు పట్టేలా తయారుచేసుకునే పద్ధతి ఎవరో ఒకరు నేర్పాల్సి వచ్చింది. కార్వర్ ఆ పని చాలా సరళమైన భాషలో చేశాడు. అక్షరం రాని వాళ్ల కోసం బండి కట్టించాడు. 1906లో మోరిస్ జెసప్ అనే దాత సాయంతో మొదలైన ఆ గుర్రపు బండి పనిముట్లు, విత్తనాలు, నమూనాలు మోసుకుని ఊరూరా తిరిగి పొలం గట్టు మీదే పాఠం చెప్పేది. ఒక బడి చక్రాల మీద రైతు దగ్గరికి వెళ్లడం అప్పటికి కొత్త సంగతి.

ఆయన వేసిన పూలచిత్రాలు ఎంత అందంగా ఉన్నా గొప్ప చిత్రకారుల వరసలో నిలుస్తాయని నేను వాదించను. అలా నిలవాలంటే కావలసిన ఏళ్లు ఆయనకు దొరకలేదు. అయితే తన ఊరి ప్రకృతిని ప్రేమించే చిత్రకారుడు సాధారణంగా ఆ రంగుల్ని కాన్వాసు మీదికి ఎత్తుకొచ్చి నాలుగు గోడల మధ్య వేలాడదీస్తాడు. ఈయన ఊరి రంగుల్ని ఊరికే తిరిగి పూశాడు. చిత్రలేఖనాన్ని ఇంతగా జనం చేతికి ఇచ్చిన మరో చిత్రకారుడు నాకు వెంటనే గుర్తుకు రావడం లేదు.

ఆ తర్వాత సుమారు పదిహేనేళ్లకు వచ్చిన రెండు పేటెంట్లూ ఈ పని కొనసాగింపే. వ్యాపారంగా అవి నిలదొక్కుకోలేదు. ఆయన వ్యాపారి కాదు కూడా.

వేరుశనగ వెనక దాగిన మనిషి

వేరుశనగ కీర్తి 1916 నాటి పుస్తకంతో మొదలైంది. ఆ పంట వేయడం, దానితో 105 రకాల వంటలు చేసుకోవడం గురించినది అది. 1921 జనవరిలో అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు వేరుశనగ గురించి మాట్లాడాక దేశమంతా పేరు మోగిపోయింది. పత్రికలు కథలు అల్లాయి. వేరుశనగ వెన్నను కనిపెట్టింది ఆయనేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది ఆయన కంటే ముందే ఉంది. మూడొందల వస్తువుల్లో చాలావాటికి తయారీ సూత్రాలు రాసిపెట్టి లేవు. 1981లో లిండా మెక్‌మరీ రాసిన జీవితచరిత్ర ఈ అతిశయోక్తుల్ని ఓపిగ్గా విడదీసి చూపింది. తెల్లవాళ్ల పత్రికలకు ఆయన అంత నచ్చడానికి ఇంకో కారణమూ ఉంది. వివక్షకు వ్యతిరేకంగా గొంతు పెంచని, వినయంగా మొక్కల గురించి మాట్లాడే నల్లజాతి మేధావి వాళ్లకు ఇబ్బంది కలిగించడు. ఆయన మౌనాన్ని తప్పుపట్టినవాళ్లు ఆయన జాతిలోనే ఉన్నారు. ఆ విమర్శలో నిజం ఉంది. ఫోర్ట్ స్కాట్‌లో ఆ దృశ్యం చూసినవాడి మౌనానికి వెనక ఏముందో తేల్చి చెప్పడం మనవల్ల అయ్యే పని కాదు.

కథలకెక్కిన కార్వర్ కింద అసలు కార్వర్ నలిగిపోయాడన్నదే నా బాధ. సాయంత్రాలు అల్లికలు చేస్తూ, మొక్కల నారతో నేత ప్రయత్నిస్తూ, అమరిల్లిస్ పూలను సంకరపరుస్తూ, వీలు దొరికితే వాటి బొమ్మలు వేస్తూ గడిపిన మాస్టారు ఆ వేరుశనగ బస్తాల చాటున కనిపించడు.

మన దేశంతో ఆయనకు నేరుగా సంబంధం ఉంది. గాంధీజీ మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్ 1929లో టస్కీగీ వెళ్లాడు. ఆయన ద్వారా కార్వర్ తన పుస్తకాలనూ, శాకాహారం మీద సూచనలనూ గాంధీజీకి పంపించాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. మరాఠీలో వీణా గవాణ్కర్ 1981లో రాసిన 'ఏక్ హోతా కార్వర్' ఇంటింటి పుస్తకమైంది. మనకైతే అనంతపురం జిల్లా ఎర్రనేలలు ఉన్నాయి. ఏళ్ల తరబడి వేరుశనగ తప్ప మరో పంట ఎరగకుండా, వాన మొహం చాటేసిన ప్రతిసారీ కుప్పకూలిన ఆ పల్లెలకు కార్వర్ పేరు చెప్పి వేరుశనగను పొగడటం అన్యాయం. పత్తి అనే ఒక్క పంట పీడ నుంచి నేలను విడిపించడానికి ఆయన వేరుశనగ వేయమన్నాడు. దాన్నే మరో ఒక్క పంటగా కూర్చోబెట్టమని ఎక్కడా చెప్పలేదు. పంట మార్పిడి చెప్పినవాడి పేరు మీద ఏకపంటను నడిపించకూడదు.

మిగిలిన మూడు

చివరి రోజుల్లో టస్కీగీలో ఆయన పేరిట మ్యూజియం వెలిసింది. 1941లో దాని ప్రారంభోత్సవానికి హెన్రీ ఫోర్డ్ వచ్చాడు. ఆ ఏడాదే టైమ్ పత్రిక ఆయన్ను 'నల్లజాతి లియొనార్డో' అంది. దాచుకున్న సొమ్మంతా, దాదాపు 60,000 డాలర్లు, పరిశోధన కోసం ఇచ్చేసి వెళ్లిపోయాడు. చనిపోయిన ఆరు నెలలకు, 1943 జులైలో, డైమండ్ గ్రోవ్ పొలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒక నల్లజాతి వ్యక్తి పేరిట అమెరికాలో అది మొదటిది. బానిసగా పుట్టిన చోటే స్మారకమైంది.

1947 డిసెంబరులో ఆ మ్యూజియంలో మంటలు లేచాయి. అక్కడున్న 48 చిత్రాల్లో మూడు తప్ప అన్నీ కాలిపోయాయని టైమ్ రాసింది. షికాగో వెళ్లొచ్చిన యక్కా చిత్రం బయటపడింది. తర్వాత దాన్ని నిపుణులు శుభ్రపరిచి భద్రం చేశారు. మిగతా చిత్రాల్లో ఏ అడవి దారి ఉందో, ఏ పువ్వు ఉందో మనం ఇక చూడలేం.

21వ నంబరు పుస్తకం మాత్రం చెక్కుచెదరలేదు. దానిలోని విద్యను ఏ సైన్సు టీచరైనా తన ఊరి మట్టితో తరగతిలో చేయించవచ్చు. పిల్లల్ని చెరువు గట్టుకో, తవ్విన కాలువ అంచుకో తీసుకెళ్లి, కనిపించిన రంగుకో డబ్బా చొప్పున మట్టి ఏరించాలి. నూరి, నీళ్లలో కలిపి, బాగా తిప్పి ఒక నిమిషం ఆగాలి. ఇసుక అడుక్కి పోతుంది. పైన తేలే రంగునీటిని పల్చటి గుడ్డలోంచి వేరే గిన్నెలోకి వంచి ఒక రాత్రి కదపకుండా ఉంచితే సన్నటి మట్టి పేరుకుంటుంది. ఆరబెట్టి, తుమ్మజిగురు నీళ్లతో కలిపితే కుంచెకు వస్తుంది. పసుపు మట్టి దొరికితే సగం పక్కన పెట్టి, మిగతా సగాన్ని టీచరే నిప్పుల మీద బాగా కాల్చి చూపించాలి. పట్టి ఉంచుకున్న నీరు వదిలేసి అది ఎర్రబడుతుంది. ఆ రెండు రంగుల్నీ పక్కపక్కన పూసి, ఈ మార్పు ఎందుకొచ్చిందో పిల్లల చేతే రాయించాలి. తర్వాత ఆ రంగులతోనే, మట్టి తెచ్చిన ఆ గట్టును గీయమనాలి.